హమమత్సులో బటబట బండి

టోకియో నుంచి ఒసాకా పోయే రైలుదారిలో, టోకియోకు సుమారు 257 కిలోమీటర్ల దూరాన హమమత్సు వుంది. మెరుపులా పోయే నొజోమి రైళ్ళు ఇక్కడ ఆగవు. అన్ని స్టేషన్లనూ పలకరిస్తూ పోయే కొదమ ఆగుతుంది. మనవాళ్ళు జపాను వెళితే క్యోటో గుళ్ళూ, ఫుజి కొండా చూసి వస్తారు గాని ఈ ఊళ్ళో దిగరు. నేను పనిగట్టుకుని దిగాను. హోండా అన్న పేరు వినని ఊరు మన దేశంలో వుందా? ఆ పేరుకు పుట్టిల్లు ఇదే మరి.

పెద్ద స్టేషను పక్కనే చిన్న స్టేషను. అక్కడ ఎర్ర రైలెక్కితే అరగంట పైచిలుకులో నిషి-కజిమా చేరుస్తుంది. టెన్ర్యూ నది దాటితే ఫుతమత. అక్కడ 1936లో కట్టిన పాత పురపాలక కార్యాలయంలో హోండా సోయిచిరో స్మారక భవనం వుంది. ఆయన 1906లో ఈ చుట్టుపక్కల పల్లెలోనే పుట్టాడు. తండ్రి కమ్మరి, సైకిళ్ళు కూడా బాగుచేసేవాడు.

1945లో విమానాల బాంబులూ, యుద్ధనౌకల గుండ్లూ పడి హమమత్సు బూడిద అయింది. తిండిగింజల కోసం పట్నంవాళ్ళు పల్లెలకు పోవాలి. రైళ్ళు కిటకిట. వున్నవాళ్ళకు సైకిలే గతి. ఆ రోజుల్లో సోయిచిరో కంట ఒక చిన్న ఇంజను పడింది. యుద్ధంలో సైన్యం వైర్‌లెస్ సెట్లకు కరెంటు పుట్టించడానికి వాడినది. ఇక దానితో ఎవరికీ పని లేదు. ఆయన మాత్రం దాన్ని సైకిలుకు తగిలించాడు. పెట్రోలు టాంకీ? చలికాలంలో వేడినీళ్ళు పోసి పక్కలో పెట్టుకునే రేకుడబ్బా వుంది కదా, అదే! మొదట రబ్బరు చక్రంతో ముందు చక్రాన్ని తిప్పించి చూశాడు. అది కుదరక, బెల్టు వేసి వెనక చక్రానికి కలిపాడు. పెట్రోలు కరువు; టర్పెంటైన్ కలిపి పోశారు. ఆ చప్పుడుకి జనం దానికి "బటబట" అని పేరు పెట్టారు. మనమైతే "డుబడుబ" అనేవాళ్ళం.

ఆడవాళ్ళు తొక్కగలరో లేదో చూడాలని భార్య సాచిని ఎక్కించాడు. ఊరంతా చూస్తుంది కదా అని ఆమె తన దుస్తుల్లో మంచిది ఏరి వేసుకుని బయలుదేరింది. తిరిగి వచ్చేసరికి బట్టలనిండా నూనె మరకలు. కార్బురేటరు వెనక్కి చిమ్మింది. ఇలా అయితే కొన్నవాళ్ళు చీవాట్లు పెడతారని భర్తకు చెప్పింది. కోపిష్టి అని పేరుపడ్డ మనిషి ఆ మాటకు మాత్రం బుద్ధిగా తలూపాడట. యంత్రం తిరగడం వేరు, మనిషికి పనికిరావడం వేరు. ఆ తేడా చెప్పింది చదువుకున్న ఇంజనీరు కాదు, నూనె మరకలు ఉతుక్కోవలసిన ఇల్లాలు.

1946 అక్టోబరులో ఆయన చిన్న కార్ఖానా తెరిచాడు. పాత ఇంజన్లను విప్పి, బాగుచేసి, నడిపి చూసి అమ్మేవారు. దొరికినవి సుమారు 500. అవి అయిపోతే? ఇక్కడే కథ మలుపు తిరిగింది. పాతసామాను మీద బతికే మనిషికి ఆ సామాను అయిపోయిననాడు రెండే దారులు: కొట్టు మూసుకోవడం, లేదా సొంతంగా తయారుచేసుకోవడం. 1947లో సొంత ఇంజనుతో "ఎ-టైపు" వచ్చింది. 50 సీసీ, ఒక గుర్రం బలం. 1948లో హోండా మోటార్ కంపెనీ ఏర్పడింది.

ఇది ఆ ఊరి గాలిలోనే వుందేమో. 1887లో యమహా తొరకుసు ఇక్కడి బడిలో పాడైన హార్మోనియం వంటి ఆర్గను బాగుచేసి, తర్వాత తానే ఆర్గన్లు చేశాడు. ఆయన పేరున్న మోటారు సైకిలు 1955లో వచ్చింది. మగ్గాలు చేసే సుజుకి వారు 1952లో సైకిలుకు ఇంజను బిగించారు. బాగుచేసిన చేతులే తయారుచేశాయి.

మన పేటల్లో మెకానిక్కు షెడ్లు ఎన్ని లేవు? పాత మోటారుతో కొత్త పని చేయించే కుర్రాళ్ళు వాటిలో ఎందరు లేరు? వాళ్ళను చూసి "పాతసామానువాడు" అని నవ్వే ముందు ఒక్క క్షణం ఆగండి. చేతిలో పాతది అయిపోయిన రోజున వాళ్ళకు కావలసింది కాస్త పెట్టుబడి, ఉన్నమాట చెప్పే మనిషి ఒకరు. హమమత్సులో ఆ రెండూ దొరికాయి.