రిజిస్టర్ నిండా ఒకే చేతిరాత

హైదరాబాద్‌లోని ఆ ఆస్పత్రిలో న్యూక్లియర్ మెడిసిన్ విభాగం సెల్లార్‌లో ఉంది. పేరు రాయనని మాటిస్తేనే లోపలికి రానిచ్చారు. తలుపు మీద పసుపు రంగు బోర్డు, మూడు రేకుల గుర్తు, గర్భిణులు లోపలికి రావద్దని మూడు భాషల్లో హెచ్చరిక. నేను చూడటానికి వెళ్లింది స్కానింగ్ యంత్రాలను కాదు. స్కాన్, చికిత్స అయిపోయాక మిగిలే చెత్తను. వాడేసిన సిరంజిలు, దూది, గ్లౌజులు, రోగి తాగిన గ్లాసు, కప్పుకున్న దుప్పటి, ఆ గది మరుగుదొడ్డిలోంచి వచ్చే నీళ్లు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం కడతామంటే ఏళ్ల తరబడి చర్చించుకున్నాం, చర్చించుకోవాల్సిందే కూడా. కానీ ఇలాంటి విభాగం ఉన్న ప్రతి ఊళ్లో రోజూ పోగయ్యే ఈ తక్కువ స్థాయి అణుధార్మిక వ్యర్థాల లెక్క ఎవరు చూస్తున్నారో మనం అడగనే లేదు.

ఇక్కడ చూస్తున్నది ఒక్కరే. ఆవిడ హోదా రేడియలాజికల్ సేఫ్టీ ఆఫీసర్, పొట్టిగా ఆర్ఎస్ఓ. విభాగంలో అందరికీ మాత్రం 'ఫిజిక్స్ మేడమ్'. ఆస్పత్రి అణుధార్మిక పదార్థాలు వాడాలంటే అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ, అనుమతి కావాలి. ఆ అనుమతి రావాలంటే మండలి ఆమోదం పొందిన ఆర్ఎస్ఓ ఉండి తీరాలి. అణుధార్మిక వ్యర్థాలను ఎలా పారవేయాలో చెప్పే నిబంధనలు 1987లోనే వచ్చాయి. వాటిని చదివితే ఆర్ఎస్ఓ అంటే పొద్దస్తమానం భద్రత ఒక్కటే చూసుకునే మనిషి అనిపిస్తుంది. ఈవిడ పొద్దున్నే డోసులు కొలుస్తారు, యంత్రాల క్వాలిటీ పరీక్షలు చేస్తారు, రోగుల బంధువులకు జాగ్రత్తలు చెబుతారు, కొత్త నర్సులకు శిక్షణ ఇస్తారు. వ్యర్థాల పని వీటన్నిటి మధ్య సందు చూసుకుని చేస్తారు. నాతో మాట్లాడుతున్నంతసేపూ ఫోన్ మోగుతూనే ఉంది.

వ్యర్థాల గది తాళం ఆవిడ దగ్గరే ఉంటుంది. చిన్న గది. గోడవారగా సీసం ఇటుకల వెనక, కాలితో తొక్కితే మూత తెరుచుకునే డబ్బాలు. ర్యాకుల మీద మూతి కట్టిన సంచులు. ప్రతి సంచికీ ఒక చీటీ. అందులో ఐసోటోపు పేరు, మూతి కట్టిన తేదీ, ఆ రోజు మీటర్ రీడింగు, మళ్లీ కొలవాల్సిన తేదీ. ఈ రకం వ్యర్థాల విషయంలో చేయాల్సింది ముఖ్యంగా ఆగడమే. స్కాన్లకు వాడే టెక్నీషియం సగానికి తగ్గడానికి 6 గంటలు, పెట్ స్కాన్‌లో వాడే ఫ్లోరిన్‌కు 110 నిమిషాలు, థైరాయిడ్ క్యాన్సర్‌కు ఇచ్చే అయోడిన్-131కు 8 రోజులు పడుతుంది. ఈ అర్ధాయువుకు పది రెట్లు ఆగితే ధార్మికత వెయ్యో వంతుకు పడిపోతుంది. ఫ్లోరిన్ సంచి మర్నాటికి మామూలు ఆస్పత్రి చెత్త. అయోడిన్ సంచి 80 రోజులు ఉండాలి. తర్వాత మీటర్‌తో కొలిచి, ఖాళీ గదిలో వచ్చే రీడింగుకూ సంచి దగ్గర వచ్చే రీడింగుకూ తేడా లేదని తేలాక, మూడు రేకుల గుర్తు తీసేసి బయోమెడికల్ చెత్తతో పంపుతారు.

"ఇది చూడండి" అంటూ ఆవిడ ఒక సంచి కిందికి దించారు. చీటీ మీద లుటీషియం-177 అని ఉంది. ప్రోస్టేట్ క్యాన్సర్‌కూ, కొన్ని అరుదైన కణుతులకూ ఇచ్చే మందు అది. అర్ధాయువు ఏడు రోజుల లోపే. చీటీ మీది గడువు ఎప్పుడో దాటింది. ఆవిడ సర్వే మీటర్ గోడ వైపు పట్టుకుంటే ఆగి ఆగి ఒక్కో టిక్కు వినిపించింది. సంచి వైపు తిప్పగానే టిక్కులు గబగబా పడ్డాయి. మళ్లీ గోడ వైపు తిప్పి, మళ్లీ సంచి వైపు తిప్పి నాకు చూపించారు. ఈ మందును రియాక్టర్‌లో తయారు చేసే ఒక పద్ధతిలో లుటీషియం-177ఎం అనే మరో రూపం కూడా రవ్వంత పుడుతుంది. దాని అర్ధాయువు 160 రోజులు. రోగికి దానివల్ల ముప్పు లేదు కానీ సీసాలో, సిరంజిలో మిగిలిపోయింది నెలల తరబడి పోదు.

"కాలెండర్ చూసి పంపేస్తే ఇది ఎప్పుడో బయటికి పోయేది సార్. మీటర్ పెట్టి చూసే మనిషి ఉండాలి" అన్నారు. పాత చీటీ కిందే కొత్త రీడింగు, కొత్త తేదీ రాసి సంచిని మళ్లీ పై అరలో పెట్టారు.

భవనం వెనక, జనరేటర్ షెడ్డు పక్కన డిలే ట్యాంకులు ఉన్నాయి. అయోడిన్ డోసు 30 మిల్లీక్యూరీలు దాటితే రోగిని విడి గదిలో ఉంచాల్సిందే. ఇచ్చిన అయోడిన్‌లో చాలా భాగం మొదటి రెండు రోజుల్లోనే మూత్రంలో పోతుంది. ఆ గది మరుగుదొడ్డి పైపు ఊరి డ్రైనేజీలో కలవదు, ఈ ట్యాంకుల్లోకి వస్తుంది. ఒకటి నిండేదాకా రెండోది మూసి ఉంచుతారు. లోపలి నీటి నమూనా తీసి, పరిమితి లోపల ఉందని తేలాకే వాల్వు తెరుస్తారు. ఇందులో కిటుకేమీ లేదు. చిక్కంతా రోగుల సంఖ్యతో. చికిత్స కోసం వరుసలో ఉన్నవాళ్లు పెరిగితే ట్యాంకు త్వరగా నిండుతుంది. రెండోది ఇంకా తయారుగా ఉండదు. అప్పుడు కొత్త రోగిని చేర్చుకోవద్దని చెప్పాల్సింది ఈవిడే. అటువైపు క్యాన్సర్ రోగి, ఆ రోగి కోసం పడక అడుగుతున్న డాక్టరు, జీతం ఇస్తున్న ఆస్పత్రి. ఇటువైపు నీటి నమూనా తాలూకు ఒక అంకె. ఆవిడ ఇంతవరకూ వాల్వు ముందుగా తెరవలేదని రిజిస్టర్ చెబుతోంది. ఆస్పత్రి ఉద్యోగే ఆస్పత్రికి అడ్డం చెప్పాల్సిన ఈ ఏర్పాటు నాకు నచ్చలేదు. ఆవిడ గట్టి మనిషి కాబట్టి సాగుతోంది. అందరూ అలా ఉండగలరని ఎలా అనుకుంటాం?

ఆ రిజిస్టర్‌ను నేను చాలాసేపు తిరగేశాను. నీలం సిరా, కాస్త ఎడమకు వాలిన అక్షరాలు, ప్రతి పేజీలో అదే సంతకం. తేదీ, సంచి నంబరు, దగ్గరి రీడింగు, మీటరు దూరంలో రీడింగు. ఒక చోట మాత్రం కొన్ని వారాల పాటు చేతిరాత మారింది. రీడింగుల గడిలో అంకెలు లేవు, వరసగా 'నార్మల్' అని ఉంది. అప్పుడు ఆవిడ తండ్రికి గుండె ఆపరేషన్ జరిగిందట, సెలవులో ఉన్నారు. టెక్నీషియన్ తనకు తోచినట్టు రాశాడు. తిరిగొచ్చాక ఆవిడ ఆ వారాల్లో మూతి కట్టినవాటిలో గదిలో ఉన్న సంచులన్నీ మళ్లీ కొలిచి, పక్కన ఎర్ర సిరాతో అంకెలు వేశారు. ఈలోపు బయటికి వెళ్లినవాటి పక్కన ఆ గడులు అలాగే ఉన్నాయి.

ఊడ్చే ఆమెకు ఈ గది సంగతి బాగా తెలుసు. "మేడమ్ తాళం తీసి ఇస్తేనే తీస్కపోత సార్. నాకైతే తెలుసు. కాంట్రాక్టర్ మారినప్పుడల్లా కొత్త పోరగాళ్లు వస్తరు. వాళ్లకు అన్ని సంచులు ఒక్క తీరే కనబడ్తయ్" అంది. నెలల తరబడి ఒకేచోట పనిచేసే మనిషిని ఉంచుకోవడం కూడా భద్రతలో భాగమేనని ఆ మాట విన్నాక ఎవరికైనా అర్థమవుతుంది.

ఇక, ఈ రిజిస్టర్‌ను బయటినుంచి చూసేవాళ్లెవరు? ఏఈఆర్‌బీ 1983 నవంబర్‌లో ఏర్పడింది. ముంబైలో కేంద్ర కార్యాలయం, దక్షిణాదికి చెన్నైలో ప్రాంతీయ కేంద్రం. అణు రియాక్టరు నుంచి వీధి చివరి ఎక్స్‌రే గది దాకా అన్నీ దాని పరిధిలోవే. ఆ సంస్థ పనితీరు మీద కాగ్ 2012లో ఇచ్చిన నివేదిక ఇప్పటికీ చదవదగ్గది. దేశంలో 57,443 వైద్య ఎక్స్‌రే కేంద్రాలు నడుస్తుంటే నమోదైనవి 5,270. అంటే నూటికి తొంభై ఒకటి లెక్కలో లేవు. రాష్ట్రానికో రేడియేషన్ భద్రతా డైరెక్టరేట్ పెట్టాలని సుప్రీంకోర్టు 2001లో చెబితే, 2012 జులై నాటికి పెట్టినవి కేరళ, మిజోరం మాత్రమే. ఎక్స్‌రే యంత్రం స్విచ్చి తీసేస్తే రేడియేషన్ ఆగిపోతుంది. దాని గతే ఇదైతే, స్విచ్చి లేని పదార్థాల మాటేమిటి? వాటి గురించి కూడా కాగ్ రాసింది. వాడకం అయిపోయిన అణుధార్మిక మూలాలను నిజంగా పారవేశారో లేదో సరిచూసుకునే సరైన ఏర్పాటు మండలి దగ్గర లేదని. తనిఖీలు జరగాల్సినన్ని జరగడం లేదనీ అదే నివేదిక చెప్పింది.

తర్వాత మార్పు వచ్చింది, కాదనను. ఈ-లోరా అనే ఆన్‌లైన్ విధానంలో లైసెన్సులు, కొనుగోళ్ల అనుమతులు, భద్రతా నివేదికలు అన్నీ నమోదవుతున్నాయి. మేడమ్ కంప్యూటర్‌లో ఆ పేజీ తెరిచి చూపించారు. పాత కాగితాల రోజులతో పోలిస్తే ఇది ఎంతో మేలు. అయినా ఆ తెరకు తెలిసేది ఆవిడ టైపు చేసినదే. పై అరలోని లుటీషియం సంచి గడువు దాటాక కూడా టిక్కుటిక్కుమంటోందని దానికి తెలియాలంటే మీటర్ పట్టుకుని ఈ గదిలోకి వచ్చే ఇన్‌స్పెక్టర్ కావాలి. అలాంటివాళ్లు చదువుకుని, శిక్షణ పొంది, అనుభవం గడించడానికి ఏళ్లు పడుతుంది. ఆస్పత్రులేమో ఏటా కొత్తవి వస్తున్నాయి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి ఊళ్లకు చెన్నై నుంచి, ముంబై నుంచి రావడం కాకుండా, ఇక్కడే ఉండి, చెప్పకుండా వచ్చి చూసే మనుషులు కావాలని నా గట్టి అభిప్రాయం.

గది మూలన సీసం కుండలో వేలెడంత సీజియం-137 ముక్క ఉంది. డోసు కొలిచే యంత్రం సరిగా పనిచేస్తోందో లేదో చూడటానికి వాడేవారు, ఇప్పుడు పక్కన పెట్టారు. దీని అర్ధాయువు 30 ఏళ్లు. సంచుల్లా ఇక్కడే ఆగితే తగ్గేది కాదు. విదేశం నుంచి వచ్చినదైతే అమ్మినవాళ్లకే తిప్పి పంపాలి, ఇక్కడిదైతే అణుశక్తి శాఖ వ్యర్థాల కేంద్రానికి చేర్చాలి. కల్పాక్కం, ట్రాంబే లాంటి చోట్ల భూమిలో కాంక్రీటు కందకాలు, ఉక్కు గొట్టాల గుంతలు కట్టి అలాంటి వాటిని ఉంచుతారు. వాటిమీద మూడు వందల ఏళ్లు నిఘా ఉండాలన్నది లెక్క. ఈ కుండ అక్కడికి వెళ్లాలంటే అనుమతులు, రవాణా, డబ్బు, వెంటపడి తిరిగే మనిషి కావాలి. ఆ పని ఎవరిదంటే మళ్లీ మేడమ్‌దే.

వెంటపడే మనిషి లేకపోతే ఏమవుతుందో ఢిల్లీలోని మాయాపురి చూపించింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం కెమిస్ట్రీ విభాగం 1968లో కెనడా నుంచి ఒక గామా యంత్రం తెచ్చుకుంది. 1985 నుంచి దాన్ని ఎవరూ వాడలేదు. 2010 ఫిబ్రవరిలో పాత సామానుతో పాటు వేలం వేశారు. మాయాపురి పాత ఇనుము బజారులో దాన్ని విప్పి, సీసం కవచం కోసి, లోపలి కోబాల్ట్-60 కడ్డీలను బయటికి తీశారు. చర్మం నల్లబడి, జుట్టు ఊడి పలువురు ఆస్పత్రి పాలయ్యారు. ఏప్రిల్‌లో ఒకరు చనిపోయారు. వాడకం ఆగిన యంత్రం ఇరవై నాలుగేళ్ల పైచిలుకు ఒక గదిలో ఉంది. అన్నేళ్లలో దాని గురించి తెలిసిన మనిషి ఒక్కరు ఆ విభాగంలో బాధ్యతగా మిగిలి ఉన్నా ఆ వేలం జరిగేది కాదు.

నియంత్రణ సంస్థకు స్వతంత్రత ఇవ్వాలని 2011లో తెచ్చిన బిల్లు 2014లో లోక్‌సభతో పాటు మురిగిపోయింది. చివరకు 2025 డిసెంబర్‌లో పార్లమెంటు ఆమోదించిన 'శాంతి' అనే కొత్త అణుశక్తి చట్టం ఏఈఆర్‌బీకి చట్టబద్ధ హోదా ఇచ్చింది. అదే చట్టం అణు విద్యుత్తులోకి ప్రైవేటు సంస్థలకు దారి తెరిచింది కాబట్టి నియంత్రణ సంస్థ మీద పని ఇంకా పెరుగుతుంది. మండలికి కొత్తగా ఎన్ని పోస్టులు ఇస్తున్నారు, అందులో ఎన్ని ఆస్పత్రుల వైపు, వ్యర్థాల వైపు కేటాయిస్తున్నారన్నది మన ఎంపీలు అడగాల్సిన ప్రశ్న.

వెళ్లేముందు ఆస్పత్రి పరిపాలనాధికారిని కలిశాను. మర్యాదస్తుడు, టీ తెప్పించారు. మేడమ్‌కు తోడుగా ఇంకో ఫిజిసిస్ట్‌ను తీసుకోవాలన్న ప్రతిపాదన ఆయన దగ్గరే ఉంది. ఎప్పుడు తీసుకుంటారని అడిగాను.

"ఆవిడ చాలా బాగా చేస్తున్నారండీ. తనిఖీలో ఒక్క అభ్యంతరం కూడా రాలేదు. ఇంకో పోస్టు కావాలని పైవాళ్లకు ఏమని రాయను?"

తనిఖీకి వచ్చినప్పుడు ఆవిడ సెలవులో లేరు కదా అన్నాను. ఆయన ఫైలు తెరిచి, ఆ మాట ఒక కాగితం మీద రాసుకున్నారు.