ఒక్క అక్షరం డబుల్ రోల్

1964లో ‘రాముడు భీముడు’ చూసి, ఇద్దరు రామారావుల్లో ఎవరెవరో ఠక్కున గుర్తుపట్టేసిన వాణ్ణి. అలాంటి నేనూ బోల్తాపడ్డానండీ!

మనవరాలి పెళ్ళికి మా గద్వాల చీర కావాలని, హైదరాబాదులో కూర్చుని ఇంటర్నెట్‌లో దుకాణం పేరు కొట్టాను. ఒక అక్షరం ఎక్కువ పడింది. డబ్బు పోయింది, చీర రాలేదు.

“పట్టంచు అసలుదో నకిలీదో వేలితో చెప్పే మనిషివి, పేరు చూసుకోవద్దా?” అంది మా ఆవిడ.

ప్లీడరు మిత్రుడు సిఫీ కేసు చెప్పాడు. సత్యం ఇన్ఫోవే వారి ‘సిఫీ’ని పోలినట్టు ఇంకొకరు ‘సిఫ్ఫీ’ అని పెట్టుకుంటే, 2004లో సుప్రీంకోర్టు ఆపేసింది. డొమైన్ పేరుకూ ట్రేడ్‌మార్కులాగే రక్షణ ఉందంది. మామూలు జనం పొరబడతారా అన్నదే లెక్క. డాట్ ఇన్ పేర్లకైతే మధ్యవర్తి తీర్పుంది: దొంగ పేరు రద్దు చేస్తారు, లేదా అసలు వాళ్ళకిప్పిస్తారు.

“మరి నా డబ్బో?”

“అది ఆ పంచాయతీలో రాదు. దానికి 1930కి ఫోన్ చెయ్యాలె.”

సినిమాలో అసలువాడెవరో ఆఖరి రీల్లో తేలుతుంది. ఇక్కడ మాత్రం డబ్బు కట్టకముందే తేల్చుకోవాలి సుమండీ!