సన్నగీత నిలిస్తేనే

పుస్తకాలకు కవర్లు వేయడం నా పని. తెలుగుతో పాటు ఇంగ్లిషులోనూ పేరు పడాల్సిన కవర్ వస్తే నా చెయ్యి ముందు బొడోని బోల్డ్ ఫాంటు మీదికే పోతుంది. నిలువు గీతలు బాగా మందం, అడ్డగీతలూ, గీతల కొసల్లో ఉండే సెరిఫ్‌లూ వెంట్రుకంత సన్నం. రెండూ కలిసే చోట మెత్తని వంపు దాదాపు ఉండదు. ఆ తెగువంటే నాకు ప్రాణం.

1768 నుంచి ఇటలీలోని పార్మాలో డ్యూక్ ముద్రణాలయం నడిపిన జంబటిస్టా బొడోని ఇలాంటి అక్షరాలను నున్నటి కాగితం మీద, విశాలమైన మార్జిన్ల మధ్య అచ్చు వేశాడు. 1813లో ఆయన పోయాక, అక్షర నమూనాల గ్రంథాన్ని భార్య మార్గెరీటా 1818లో వెలువరించింది. ఆ కాలంలోనే లండన్‌లోని అక్షరాల ఫౌండ్రీలు నిలువు గీతను ఇంకా లావు చేసి లాటరీ పోస్టర్లకు ఎక్కించాయి. రాజుగారి పుస్తకానికీ వీధి గోడకూ సరిపోయిన అక్షరం ఇది.

ఈ అక్షరంలో అందరి కళ్లూ మందం మీదే పడతాయి. నా కన్ను మాత్రం సన్నగీత మీదే. 72 పాయింట్లలో నిలిచిన గీత, అదే ఫైలును పుస్తకం వెన్ను (స్పైన్) కోసం 14కు కుదించగానే అయిదో వంతుకు చిక్కిపోతుంది. "అన్నా, ఈ గీతలు అచ్చుల ఎగిరిపోతయి" అని ప్రెస్‌లో ప్లేటు చూడగానే చెప్పేస్తారు. వాళ్ల మాట నేను కాదనను. 1994లో వచ్చిన ఐటీసీ బొడోని కోసం డిజైనర్లు పార్మా వెళ్లి బొడోని అక్షరాలు చెక్కిన అసలు పంచ్‌లను పరిశీలించి, 6, 12, 72 పాయింట్లకు మూడు విడి రూపాలు గీశారు. చిన్న సైజుకు సన్నగీత కాస్త బలంగా ఉంటుంది. స్పైన్‌కు నేను ఆ చిన్నదే వాడతాను.

రంగుల్లోనూ జాగ్రత్త కావాలి. సన్నగీత నాలుగు రంగుల ప్లేట్ల మీద పడితే, ఒక ప్లేటు పిసరంత జరిగినా అంచు చెదిరిపోతుంది. అందుకే నల్ల టైటిల్‌ను ఒక్క నలుపు ప్లేటులోనే ఉంచి, కింది రంగు మీదే పడేలా ఓవర్‌ప్రింట్ పెడతాను. ముదురు రంగు మీద తెల్లక్షరమైతే ఇంకు నలువైపులా పాకి గీతను మింగేస్తుంది. అలాంటి చోట బొడోనిని వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం.

బొడోనిలో ఉన్న ఇంగ్లిషు పేరు పక్కన తెలుగు పేరు నిలబెట్టడం ఇంకా పెద్ద పని. మనకు సెరిఫ్ లేదు, నిలువు గీతలు తక్కువ, గుండ్రం ఎక్కువ. మందం ఎక్కడ పెట్టాలో మనమే తేల్చుకోవాలి. కిందికి దిగే గీతను మందంగా, పైకి లేచే గీతను సన్నంగా గీస్తాను. తలకట్టులో ఎడమ పొట్టి గీత లావు, కుడిది సన్నం. 'ర', 'ఠ' ఈ పద్ధతికి హాయిగా ఒదిగిపోతాయి. 'ఖ', 'ఘ' లోపలి ఖాళీలు పూడిపోకుండా మందం తగ్గించాలి. ఇక 'స్త్రీ' రాగానే పరీక్షే: తవత్తు, రవత్తు రెండూ అక్షరం కింది కొంచెం చోటులోనే ఇమడాలి. అసలు అక్షరాన్ని కుదించి వత్తు చేస్తే మందం బక్కచిక్కుతుంది, సన్నగీత మాయమవుతుంది. వత్తును దాని సైజులోనే మళ్లీ గీయాలి, సన్నగీత మందం పై అక్షరంలో ఉన్నంతే ఉంచాలి.

ఇంత మందం, ఇంత సన్నం ఉన్న తెలుగు బోల్డ్ మనకు కనీసం రెండు సైజులకు విడివిడిగా కావాలి. కవర్‌ది గీశాను. ఇప్పుడు స్పైన్‌ది గీస్తున్నాను, వత్తులతో మొదలుపెట్టి.