లైటు పట్టే చెయ్యి

మా పిన్ని కూతురు టెక్సస్‌లో ఉంటుంది. శనివారం రాత్రుళ్లు ఒక్కతే చిన్న కయాక్ వేసుకుని గల్ఫ్ తీరపు ఉప్పునీటి పాయల్లోకి చేపలకు వెళ్తుంది. ఒకసారి వీడియో కాల్ చేసి చూపించింది. తనకు రాత్రి పదిన్నర, నాకిక్కడ ఆదివారం పొద్దున తొమ్మిది. అమీన్‌పూర్‌లో మా అపార్ట్‌మెంటు బాల్కనీలో బట్టలారేస్తూ చూశాను. పడవ పక్కనే నీళ్లలోకి దించిన ఆకుపచ్చ లైటు, దాని చుట్టూ సన్నటి పొగలా తిరుగుతున్న ఏవో పురుగులు, వాటి మధ్య వెండి రేకుల్లా మెరిసే చిన్న చేపలు.

"భయం వెయ్యదా నీకు?" అన్నాను.

"దేనికక్కా? లైఫ్ జాకెట్ ఉంది, ఈల ఉంది, వేరే పడవలకు కనపడటానికి తెల్ల లైటు ఉంది" అంది.

నేనడిగింది నీళ్ల భయం కాదు. తనకు అర్థం కాలేదో, అర్థమయ్యే దాటేసిందో తెలీదు.

ఆ మధ్యాహ్నమే చేపలు కొనబోయి, మాకెప్పుడూ చేపలమ్మే ఆమెతో ఈ ముచ్చట చెప్పాను. ఆమె కత్తిపీట మీంచి చెయ్యి తియ్యకుండానే, "గా పచ్చలైటు మాకేడిది మేడం, మేం తెల్లదే పెడ్తం" అంది.

"మేం అంటే?"

"మేమే. మా ఆయన వల చూస్తుండె, నేను లైటు పడ్తుంటి. ఇప్పుడు ఆయనకు చాతనైతలేదు. వల నేను చూస్త, లైటు కోడలు పడ్తది."

రెండేళ్లుగా ఆమె దగ్గర కొంటున్నాను. ఆమెను చేపలమ్మే మనిషిగా తప్ప, పట్టే మనిషిగా ఒక్కసారీ అనుకోలేదు. మగవాళ్లు పడతారు, ఆడవాళ్లు అమ్ముతారు అన్న విభజన నా బుర్రలో అంత స్థిరంగా ఉంది. అదీ, స్త్రీల శ్రమ మీద సెమినార్లలో పేపర్లు చదివే బుర్రలో.

ఇంకో సిగ్గుపడే సంగతి ఉంది. నా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో కథల్లో దీపం గురించి ఒక అధ్యాయమే ఉంది. గుమ్మంలో దీపం పట్టుకుని నిలబడ్డ స్త్రీ ఎదురుచూపుకు ప్రతీక, ఆశకు ప్రతీక, ఒంటరితనానికి ప్రతీక అని ఇరవై పేజీలు రాశాను. అన్నిటికీ ప్రతీకే. దీపం పట్టుకున్న చెయ్యి నొప్పి పుడుతుందని మాత్రం ఎక్కడా రాయలేదు. గైడుగారూ అడగలేదు, వైవాలోనూ ఎవరూ అడగలేదు.

లైటు సంగతి ఆమే చెప్పింది. "శాప లైటుకు రాదు. లైటుకు పురుగొస్తది. పురుగు కోసం పరకలొస్తయ్. పరకల కోసం పెద్దదొస్తది. అదీ నడుమకు రాదు, చీకటి అంచున కాస్తది." టెక్సస్ చెల్లెలు చెప్పిందీ ఇదే. వెలుగుకు ముందు చేరేది నీళ్లలో కంటికి ఆనని సూక్ష్మజీవులు. అక్కడ నుంచి వరసగా ఒకదాన్ని తినడానికి ఒకటి. ఆకుపచ్చ లైటు వాడేదీ అందుకే. నాచుపట్టిన నీళ్లలో ఎరుపు కాస్త లోతుకే ఆగిపోతుంది, ఆకుపచ్చ ఇంకా దూరం పోతుంది. వెన్నెల రాత్రుళ్లు ఈ పని సాగదు, అమాస దగ్గర పడాలి. మొదట్లో కందీలు, తర్వాత పెట్రోమాక్స్, ఇప్పుడు చార్జింగ్ లైటు. సముద్రంలో ఇది జనరేటర్ల దాకా పోయి, పిల్ల చేపలనూ ఊడ్చేస్తుండడంతో 2017 నవంబరులో కేంద్ర ప్రభుత్వం మన ప్రత్యేక ఆర్థిక మండలి జలాల్లో ఎల్ఈడీ లైట్ల వేట నిషేధించింది. అది సముద్రం మాట. చెరువులో థర్మకోల్ తెప్ప మీద ఒక లైటు, ఒక వల, ఇద్దరు మనుషులు.

సొసైటీ సభ్యత్వం ఆయన పేరనే ఉంది. తన పేర రాయమని ఆమె అడిగితే, "ఇంటికొకటి ఉంది గద" అన్నారట. "పరీక్ష పెడ్తరు. ఈత చూస్తరు, వల ఇసురుడు చూస్తరు, వల అల్లుడు చూస్తరు. లైటు పట్టుడు ఎవ్వలు చూడరు" అని నవ్వింది.

ఎండాకాలంలో కోడలు పురిటికి పుట్టింటికి పోయింది. లైటుకు మనిషి లేదంది. నేనొస్తానన్నాను. ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసి, "ఈతొస్తదా?" అంది. వస్తుంది. చెరువు పేరు మాత్రం రాయొద్దంది, రాయడం లేదు.

అమాస రాత్రి అని వెళ్లాను గానీ అక్కడ చీకటి ఏదీ? రెండువైపులా టవర్లు, రోడ్డు లైట్లు, ఫ్యాక్టరీల దిక్కున ఆకాశం కమిలినట్టు ఎర్రగా ఉంది. నీళ్ల మీద వందల కిటికీలు. "ఇగో, శాప ఏ లైటుకని రావాలె చెప్పు" అంది. మా బాల్కనీలో రాత్రంతా వెలిగే ట్యూబ్‌లైటు గుర్తొచ్చింది.

నీళ్ల మీదికొచ్చాక మేడం పోయి చెల్లె అయ్యాను. "కదిలియ్యకు చెల్లె, ఒక్కపాలి కదిల్తే పరకంతా చెదురుతది. నీ నీడ వల దిక్కు పడనియ్యకు." అరగంటకే భుజం లాగడం మొదలైంది. చెయ్యి మార్చుకుంటే వెలుగు ఊగింది. ఆమె ఏమీ అనలేదు, నిట్టూర్చింది. తెప్ప అంచున మోకాళ్ల మీద కూర్చుని, ఒళ్లంతా బిగబట్టి, చెయ్యి మాత్రం వదులుగా ఉంచాలి. ఈ పని ఆమె ఇరవై ఐదేళ్లు చేసింది.

తెల్లవారుజామున నాలుగు దాటింది. చేపలొచ్చాయి. ఒకటి కాదు, పది కాదు, వెలుగు పడిన చోటల్లా నీటి మీదికి గుండ్రటి నోళ్లు. బొచ్చెలు, రవ్వలు. నాకు ఒళ్లు పులకరించింది. "అక్కా, వచ్చినయ్!" అని గట్టిగా అన్నాను.

"లైటు అటు తిప్పు" అంది.

తిప్పాను. వెలుగు అసలు పడని మూలన కూడా అవే నోళ్లు, తెరుచుకుంటూ మూసుకుంటూ.

"ఎలుగుకు రాలే చెల్లె. గాలికొచ్చినయ్."

పగలు నాచు, నీటి మొక్కలు నీళ్లకు ప్రాణవాయువు ఇస్తాయి. రాత్రి అవి కూడా తీసుకునేవే. మురుగూ వ్యర్థాలూ కలిసిన చెరువులో సూర్యోదయానికి ముందు అది అడుగంటుతుంది, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. కొర్రమీనుకు పైకొచ్చి గాలి పీల్చే అలవాటు పుట్టుకతోనే ఉంది, అది తట్టుకుంటుంది. బొచ్చెకు లేదు. ఇదంతా తర్వాత చదువుకున్నాను. పటాన్‌చెరు మందుల కంపెనీల వ్యర్థాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చిన నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించిన పేపరు కూడా అప్పుడే చదివాను. 2016లో మా అమీన్‌పూర్ పెద్దచెరువును జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, దేశంలో ఒక నగర చెరువుకు ఆ గుర్తింపు రావడం అదే మొదలు. మరుసటి ఏడే ఇదే మండలంలో గండిగూడెం చెరువులో చేపలు కుప్పలుగా చచ్చి తేలాయి. ఫ్యాక్టరీల నీళ్లే కారణమన్నారు మత్స్యకారులు. ఆ రెండు వార్తలూ పేపర్లో చదివినదాన్నే. పక్కపక్కన పెట్టి చూసుకోలేదు.

వల వేస్తే ఆ పొద్దు బుట్ట నిండేది. చేపలు పారిపోయే స్థితిలో లేవు. ఆమె వల ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. అమ్మితే ఎవరూ గుర్తుపట్టరని ఆమెకూ తెలుసు, వారం వారం కొనే నాకూ తెలుసు. నేను నోరు తెరవలేదు. వెయ్యొద్దు అనడానికి నాకేం హక్కుంది? ఆ రోజు ఆమె ఇల్లు గడవాల్సింది ఆ బుట్టతోనే.

"బంద్ జెయ్యి లైటు" అంది చివరకు.

ఒడ్డుకొచ్చాక చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ, సభ్యత్వానికి మళ్లీ దరఖాస్తు పెడతానంది. ఈసారి నన్ను రాయమంది. సంచిలోంచి కాగితం తీశాను. పేరు రాశాను, భర్త పేరు రాశాను, వయసు ఆమెకు సరిగ్గా తెలియదు, యాభై అని రాశాం. చేసే పని అన్నచోట ఆగాను. మత్స్యకార్మికురాలు అని రాయనా అని అడిగాను.

"గదెందుకు? చేసేదే రాయి. రాత్రిపూట చెరువు మీద లైటు పడ్త, వల తీస్త, పొద్దుగాల అమ్ముత."

అట్లాగే రాశాను. ఆమె వేలిముద్ర వెయ్యబోయి, ఆగి, పెన్ను అడిగి సంతకం పెట్టింది. కాగితం ఇచ్చి మూడు నెలలైంది. జవాబు రాలేదు. కోడలు ఇంకా రాలేదు. ఈ అమాసకు కూడా లైటుకు నన్నే రమ్మంది.