పరికరముల రాకపోకలు

మన నాయుడుపేట విద్యార్థులలో పెన్‌డ్రైవు నెరుగనివారు నేడు అరుదు. దానిని కంప్యూటరునకు తగిలించిన రెండు మూడు క్షణములలో తెరపై దాని పేరు కనబడును. లాగివేసినచో ఆ పేరు మాయమగును. నిత్యము చూచునదే గనుక ఇది మనకు వింతగా తోచదు. కాని ఆ క్షణములలో లోపల జరుగు వ్యవహారమును, అందును ముఖ్యముగ లాగివేసినపుడు జరుగు వ్యవహారమును, చదువరులకు విన్నవింపగోరుచున్నాము.

ఈ సౌకర్యము మొదటినుండియు ఉన్నది కాదు. పూర్వపు కంప్యూటరులలో క్రొత్త కార్డు నమర్పవలెనన్న యంత్రము నాపి, పెట్టె విప్పి, కార్డు బిగించి, మరల నడపవలసియుండెను. నడచుచున్న యంత్రమునకే పరికరమును తగిలించి తీయుటను హాట్‌ప్లగ్గింగు అందురు. దీనిని ఇంటింటికి తెచ్చిన యు.యస్.బి. నియమావళి యొక్క మొదటి కూర్పు 1996 జనవరిలో వెలువడినది. తరువాత రెండేండ్లకు, 1998 ఏప్రిల్ 20వ తేదీన, షికాగో నగరపు కామ్‌డెక్స్ ప్రదర్శనమున బిల్ గేట్సు వేదికపై నుండగా, ఆయన సంస్థకు చెందిన యొకరు అప్పటికింకను విడుదల కాని విండోస్ 98 నడచుచున్న కంప్యూటరునకు స్కానరు నొకదానిని తగిలించిరి. వెంటనే తెర నీలమై యంత్రము నిలిచిపోయెను. సభవారు నవ్విరి. ఆ పనిలోని చిక్కును తెలిసినవారికి అంత నవ్వు రాదని మా యభిప్రాయము.

కంప్యూటరు పనులనెల్ల నడపు మూలవ్యవస్థ ఆపరేటింగ్ సిస్టము. దాని నడిమి భాగమును కెర్నెలందురు. ఒక్కొక్క జాతి పరికరముతో మాటాడనేర్చిన ప్రోగ్రాము డ్రైవరు. పెన్‌డ్రైవును తగిలించినపుడు మొట్టమొదట కెర్నెలునకు తెలియునది దాని పేరు కాదు, వోల్టేజి మార్పు మాత్రమే. యు.యస్.బి. 2.0 వరకు గల పద్ధతిలో సమాచారము పోవు తీగలు రెండు; పరికరములోపల వానిలో నొకదానికి 1.5 కిలో ఓముల నిరోధకము కలిపియుండును. తగిలించినంతనే ఆ తీగయందు వోల్టేజి పెరుగును. చేయి కదలుటచే అది పలుమార్లు తగిలి ఊడవచ్చును గనుక, కనీసము 100 మిల్లీసెకనులు నిలకడగా నున్నదని తేలిన పిమ్మటనే కెర్నెలు దానిని పలుకరించును. 1 మొదలు 127 వరకు గల అంకెలలో నొకదానిని చిరునామాగా నిచ్చి, నీ వెవరవని ప్రశ్నించును. అది తన తయారీదారు సంఖ్యను, వస్తుసంఖ్యను, జాతిని చెప్పుకొనును. ఆ జాతిని తానెరుగుదునని ముందే తెలిపియున్న డ్రైవరును పిలిచి కెర్నెలు ఆ యతిథిని అప్పగించును.

ఈ వార్తలు ఇతర ప్రోగ్రాములకును చేరవలెను. లినక్సులో 2001లో వెలువడిన 2.4 కెర్నెలు ఒక్కొక్క వార్తకు ఒక్కొక్క ప్రోగ్రామును వేరుగా నడిపెడిది. వార్తలు వెంటవెంట వచ్చినపుడు వెనుకటిది ముందుగా ముగియుట కలదు. 'పోయినది' అను వార్త 'వచ్చినది' అను వార్తను దాటినచో, లేని పరికరము లెక్కలో ఉన్నట్లే మిగిలిపోవును! కావున తరువాత వార్తలకు వరుససంఖ్యలు వేసిరి. 2003లో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఆరంభించిన యుడెవ్ అను ప్రోగ్రాము ఆ వార్తలను గ్రహించి పరికరములకు పేర్లు పెట్టు పనిని చేపట్టెను.

రాక ఇట్లుండగా పోక యొక్క తీరు వేరు. పూర్వము మన రైల్వేస్టేషనులకు పొరుగు స్టేషను నుండి గంటల సంకేతముతో అడిగి, ఇచ్చటివారు అనుమతించిన పిమ్మటనే రైలును విడిచెడివారు. పెన్‌డ్రైవును లాగు చేతికి అట్టి నియమము లేదు. అది పోయిన పిమ్మటనే పోయినదను వార్త డ్రైవరునకు వచ్చును. అప్పటికి సగము వ్రాసిన అక్షరములు దారిలో నుండవచ్చును. ఏదో ఒక ప్రోగ్రాము ఆ ఫైలును ఇంకను తెరచియే యుండవచ్చును.

మా కంప్యూటరు గదిలో పదవ తరగతి బాలిక యొకతె వారము దినములు శ్రమించి వ్రాసిన వ్యాసమును పెన్‌డ్రైవులోనికి దింపి, తెరపై పని ముగిసినట్లు కనబడగనే లాగికొని పోయెను. మరునాడు చూడగా ఫైలు పేరున్నది, లోపల అక్షరము లేదు. ఆమె కన్నీరు మేము చూచితిమి. తెర అబద్ధమాడలేదు గాని నిజమంతయు చెప్పలేదు. వేగము కొరకు ఆపరేటింగ్ సిస్టము అక్షరములను తన జ్ఞాపకమున నిలిపి, కొంత తడవు పిమ్మట పరికరమునకు పంపుచుండును. 'సురక్షితముగా తీయుము' అను మీట ఆ నిలువను వెంటనే పంపి, వాడుచున్నవారెవరైన నున్నారాయని విచారించును. 2018లో వచ్చిన విండోస్ 10 యొక్క 1809వ కూర్పు మొదలు ఇట్టి నిలువ లేకుండుటయే సాధారణ పద్ధతి యైనది. అయినను వ్రాయుచున్న నడుమ లాగినచో ఆ పద్ధతియు రక్షింపదు.

పోయిన వార్త విన్న డ్రైవరు క్రొత్త పనులను గైకొనరాదు. పంపినవానిని రద్దు చేయవలెను. అడుగవచ్చినవారికి 'అట్టి పరికరము లేదు' అని ఉత్తరమీయవలెను. లినక్సులో ఆ ఉత్తరపు సంఖ్య 19. కాని పరికరము పోయినదని తన లెక్కల పుస్తకమును అప్పుడే చింపివేయరాదు. దానిని పట్టుకొన్న ప్రోగ్రాములెన్నియో లెక్కించుచు, కడపటిది విడిచిన పిమ్మటనే ఆ జ్ఞాపకస్థలమును వదలవలెను. తొందరపడినచో లేనిచోట చేయి పెట్టిన ప్రోగ్రాము యంత్రమునే పడద్రోయును. డ్రైవరులు వ్రాయువారు రాకపై చూపు శ్రద్ధకంటె పోకపై ఎక్కువ శ్రద్ధ చూపవలెనని మేము తలంచుటకు కారణమిదియే.

లినక్సు కంప్యూటరు గలవారు 'యుడెవ్‌ఎడియమ్ మోనిటర్' అను ఆజ్ఞ నిచ్చి దీనిని కన్నులార చూడవచ్చును. పెన్‌డ్రైవు నొక్కదానిని తగిలించినను పంక్తులు పెక్కు వచ్చును: మొదట పరికరము, పిదప దాని భాగములు, తుదకు దానిలోని డిస్కు. లాగినపుడు డిస్కు ముందుగాను, పరికరము వెనుకగాను పేర్లు కొట్టివేయబడును.