మా ఆయన కెమెరా, నా ఉలవల సంచి

మా ఆయన రిటైరైన రోజు ఆఫీసువాళ్ళు శాలువా కప్పి, వెండి వినాయకుణ్ణి చేతిలో పెట్టి పంపించారు. పది రోజులు తిరక్కుండానే ఆయన బెంగళూరు వెళ్ళి ఒక కెమెరా, 150-600 లెన్సు, ఇద్దరు పడుకునే టెంటు కొనుక్కొచ్చారు. ఎంతయిందంటే "ఇప్పుడెందుకులే" అన్నారు. వారం తర్వాత ప్యాంటు ఉతకబోతే జేబులో బిల్లు దొరికింది. ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో మీరే ఊహించుకోండి.

క్యాంపింగంటే మేమేదో హిమాలయాలకు పోయామనుకునేరు! మొదటిసారి వెళ్ళింది మా అత్తగారి ఊరు గుడిబండకి. మేముండే హిందూపురం నుంచి మడకశిర మీదుగా పోతాం. సగం ఊరు తెలుగు, సగం కన్నడం, రెండూ కలిపి మాట్లాడేవాళ్ళు అందరూ. ఊరి బయట గుట్ట కింద మాకు మూడెకరాలుంది, గుత్తకిచ్చాం. ఆ చేని గట్టు మీద చింతచెట్టు కింద టెంటు వేశాం. నవంబరు నెల, చెనిక్కాయ పీకే రోజులు.

నేనేం చేశానో చెప్తాను, నవ్వకండి. చిన్న గ్యాసు స్టవ్వు, కుక్కరు, రాగిపిండి, సంగటి కెలికే కట్టె, పోపుల డబ్బా, రుబ్బుకోవడానికి చిన్న రోలు కూడా డిక్కీలో పెట్టించాను. ఆయనేమో కరెంటు తీగ మీద వాలిన పాలపిట్ట కోసం గంటసేపు మెడ పైకెత్తి నిలబడ్డారు. నేను ఆ గంటా సంగటి కెలికి, ఊరిబిండి నూరి, గిన్నెలు తోముకున్నాను. మా చేను చేసే అమ్మాయి అటుగా వచ్చి చూసి, "ఏమక్కా, ఇంట్లో చేసే పని ఈడికొచ్చి చేసేదానికి పెట్రోలెందుకు దండగ?" అంది. తను నవ్వుతూనే అంది, నాకు మాత్రం ఎక్కడో గుచ్చుకుంది. ముప్పై నాలుగేళ్ళుగా ఆయనకు రిటైర్మెంటు తేదీ ఉందని తెలుసు, నాకూ ఒకటి ఉండాలని ఎవరికీ తోచలేదు. నాకే తోచలేదు, ఇంకొకర్ని అనడమెందుకు!

ఆ రాత్రి ఎలుగుబంటి వచ్చింది. మా వైపు గుట్టల్లో ఎలుగుబంట్లు మామూలే. సీతాఫలాలకు, రేగుపళ్ళకు, చెదపుట్టలు తవ్వుకోవడానికి దిగుతాయి. చెనిక్కాయ కాలంలో చేలల్లోకి వస్తాయి. దీపాల్లో నూనె కోసం గుళ్ళలోకి కూడా దూరతాయని ఊళ్ళో చెప్తారు. రెండు చేల అవతల మంచె మీదున్నాయన డబ్బా కొట్టాడు. తర్వాత చెట్టు వెనక నుంచి ఎవరో ముసలాయన ఆయాసపడుతున్నట్టు చప్పుడు. మా ఆయన చప్పుడు చెయ్యకుండా లేచి, కెమెరా మెడలో వేసుకుని టెంటు జిప్పు మీద చెయ్యి పెట్టారు. నేను చొక్కా కాలరు పట్టుకున్నాను. "ఒక్క ఫోటో" అన్నారు. ఎలుగుబంటి వెతుక్కుంటూ వచ్చి మనుషుల మీద పడదు, చీకట్లో ఎదురుగా హఠాత్తుగా కనిపిస్తేనే బెదిరి మీదికొస్తుంది, వస్తే ముఖం మీదే దెబ్బ వేస్తుంది. చిన్నప్పుడు ఆ ఊళ్ళోనే పెరిగిన మనిషికి నేను చెప్పాలా ఇది? కాలరు వదల్లేదు. తెల్లారి చూస్తే మట్టిలో పొడుగాటి గోళ్ళ గుర్తులు, పెరికేసిన నాలుగు చెనిక్కాయ చెట్లు. మా మొట్టమొదటి వన్యప్రాణి ఫోటో ఏమిటంటే, చెనిక్కాయ పొట్టు నిండిన ఎలుగుబంటి పేడ. అది మా కోడలికి వాట్సాప్‌లో పంపారు కూడా, ఆ అమ్మాయి టిఫిన్ తినే టైముకి!

ఇంటికొచ్చాక నేను రెండు మాటలు చెప్పాను. ఒకటి, బయటికి పోతే వంట లేదు. చిత్రాన్నం, ఓళిగలు, బొరుగులు ఇంటి దగ్గరే చేసి పెట్టుకోవాలి, అక్కడ టీ ఆయనే కాయాలి. రెండోది మనలాంటివాళ్ళు అడగడానికి మొహమాటపడేది. మోకాళ్ళ నొప్పులతో చేలగట్టు వెంట చెంబు పట్టుకుని పోలేను. మడిచే కమోడు కుర్చీ, దాని చుట్టూ నిలబెట్టే చిన్న గుడారం కావాలన్నాను. ఆయన లెన్సు ధరలో అది ఆవగింజంత. ఆ తర్వాతే నేను టెంటులో నిజంగా నిద్రపోయాను.

ఫిబ్రవరిలో చిలమత్తూరు మండలం వీరాపురం వెళ్ళాం. ఏటా చలికాలంలో ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊరి నడుమ చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి, పిల్లల్ని పెంచుకుని వానాకాలంలో వెళ్ళిపోతాయి. అందరూ సైబీరియా పక్షులంటారు గానీ కాదు, ఇవి మన దేశంలోనే చెరువుల వెంట తిరిగే కొంగలు. పసుపుపచ్చ ముక్కు, వెనక్కి గులాబీరంగు ఈకలు, పట్టుచీర కుచ్చెళ్ళలా! కింద మాత్రం ముక్కు మూసుకోవాల్సిందే. పిల్లల నోటి నుంచి జారిన చేపలు, రెట్ట, అన్నీ ఇళ్ళ కప్పుల మీద. అయినా ఆ ఊరివాళ్ళు కొమ్మ కొట్టరు, రాయి విసరరు. పక్షులొస్తే వానలొస్తాయని వాళ్ళ నమ్మకం.

మా ఆయన గూటికి దగ్గరగా ఉంటుందని ఒకరి మిద్దె ఎక్కబోయారు. అరుగు మీద కూర్చున్న అవ్వ లేచి, "యాడికప్పా పోతాండావు? తల్లి లేచిపోతే ఎండకు పిల్లలు మాడిపోవా? బాలింత ఇంట్లోకి అట్లనే దూరతావా?" అని గట్టిగా అడిగింది. జిల్లా అధికార్లతో వాదించిన మనిషి తల దించుకుని మెట్లు దిగారు. తర్వాత అవ్వే మజ్జిగ ఇచ్చి, నీడలో పీట వేసి, ఎక్కడ కూర్చుంటే బాగా కనబడుతుందో చూపించింది. అక్కడ కూర్చుని మొదటిసారి నేనూ చూశాను. ఎండ నెత్తికెక్కితే తల్లి రెక్కలు విప్పి గొడుగులా పట్టింది. గంటసేపు అట్లాగే. గిన్నెలేవీ తోమకుండా నేనొక గంట ఒకచోట కూర్చోవడం ఎన్నాళ్ళకో!

కృష్ణజింకల సంగతి చెప్పడానికే అసలు ఇదంతా మొదలుపెట్టాను. హిందూపురానికి దగ్గరే, కర్ణాటకలో మధుగిరి తాలూకా మైదనహళ్ళి. జయమంగళి కృష్ణజింకల రిజర్వు, దాదాపు ఎనిమిది వందల ఎకరాల గడ్డి మైదానం. దగ్గరి పల్లెలో తెలిసినవాళ్ళ కొబ్బరితోటలో టెంటు వేసుకుని, తెల్లవారుజామున అనుమతి తీసుకుని కారులో లోపలికి పోయాం. దిగి నడిస్తే పారిపోతాయి, కారుకు అంతగా బెదరవు. రెండు కిలోల లెన్సు కిటికీ మీద కదలకుండా ఉండాలని ఆయన పాత జీన్సు కాలు కత్తిరించి, సంచీ కుట్టి, ఉలవలు నింపి ఇచ్చాను. ఇట్లాంటిదే బజార్లో కొంటే ఎంత చెప్తారో తెలుసా?

రెండు పోతులు మెలికల కొమ్ములు ఆనించి తోసుకుంటున్నాయి. వీపు నల్లగా, పొట్ట తెల్లగా, పంచె కట్టుకున్న పెళ్ళికొడుకుల్లా. గోధుమరంగు ఆడజింకలు పట్టించుకోకుండా మేస్తున్నాయి. ఆయన "ఇంకో పది నిమిషాలు" అని నాలుగుసార్లు అన్నారు. షుగరు మాత్ర ఆరున్నరకే వేసుకున్నారు, టిఫిన్ తినలేదు. ఎనిమిది దాటాక చూస్తే మెడ మీద చెమట, వేళ్ళు వణుకుతున్నాయి. "ఏమండీ" అంటే నా వైపు తిరిగి, "కరెంటు బిల్లు కట్టావా?" అన్నారు.

నా గుండె జారిపోయింది. సంచీలో చెనిక్కాయ ఉండలున్నాయి, కానీ ఇలాంటప్పుడు ఉత్త చక్కెరే త్వరగా ఎక్కుతుందని డాక్టరమ్మ చెప్పింది. టీ కోసం తెచ్చిన చక్కెర మూడు చెంచాలు నీళ్ళలో కలిపి తాగించాను. పదిహేను నిమిషాలు చూడమంది కదా, మణికట్టు పట్టుకుని గడియారం చూస్తూ కూర్చున్నాను. నాకు డ్రైవింగ్ రాదు. ఫోన్లో సిగ్నల్ ఒక గీత. కారు నడిపే మనిషి పక్కనే ఉన్నాడు, ఆయనకేమైనా అయితే చేతిలో తాళాలుండీ ఏం లాభం? ఆ పదిహేను నిమిషాల్లో జింకలేం చేశాయో నేను చూడలేదు.

చెమట ఆగింది. "ఏమైంది?" అన్నారు. చిత్రాన్నం డబ్బా చేతికిచ్చాను. మాట్లాడకుండా తిన్నారు. అప్పుడే ఒక పోతు మా కారుకి బాగా దగ్గరికి వచ్చి నిలబడింది. నోట్లో ముద్దతో కెమెరా వైపు సైగ చేశారు. నేనే నొక్కాను. కొమ్ముల కొనలు తెగిపోయాయి ఫోటోలో. మా ఇంటి హాల్లో ఫ్రేము కట్టి ఉన్నది అదే.

పిల్లలకు చెప్పకూడదనుకున్నాం, ఆయనే నోరు జారారు. "ఇంక చాలు, ఇంట్లో కూర్చోండి ఇద్దరూ" అని మా అబ్బాయి ఒకటే గొడవ. వాడి భయం తప్పు కాదు. నేను మాత్రం మర్నాడే పోయి డ్రైవింగ్ స్కూల్లో చేరాను, యాభై ఎనిమిదేళ్ళ వయసులో. క్లచ్చు వదిలినప్పుడల్లా బండి ఎగురుతోంది, నేర్పే కుర్రాడు "మెల్లగా, పెద్దమ్మా" అని దండం పెడుతున్నాడు. కెమెరా సంచీలో ఇప్పుడు గ్లూకోజు పొట్లాలుంటాయి. టిఫిన్ తినందే మాత్ర ఇవ్వను.

వచ్చే నెల మళ్ళీ మైదనహళ్ళి. దానికి ముందు ఆ సంచీ విప్పాలి, ఉలవలకు పురుగు పట్టినట్టుంది.