ఇంటికి కాపలా ఎవరు?

మా రాచర్ల వాళ్ళకు మంచు అంటే ధనుర్మాసంలో తెల్లవారుజామున నల్లమల వైపునుంచి దిగి, పొద్దు బారెడెక్కేసరికి మాయమయ్యే మంచే. తక్కిన కాలమంతా ఎండ. అటువంటి ఊరినుంచి ఎనిమిదేళ్ళ పిల్ల మొదలు డెబ్బయ్యారేళ్ళ ముసలమ్మ దాకా ఏడుగురం మంచుకొండ మీద జారుడు ఆటకు బయలుదేరుతున్నామంటే మా వీధిలో నవ్వనివాళ్ళు లేరు. నవ్వితే నవ్వనివ్వండి. ఆ ఏర్పాట్లలో మూడు నెలలుగా నేను పడుతున్న పాట్లు వింటే వాళ్ళు ఇంకా నవ్వుతారు.

ఈ ఆలోచన మావాడిది. జర్మనీలో చదువుకున్న రెండేళ్ళలో కాళ్ళకు పొడుగాటి బద్దలు బిగించుకుని మంచువాలు మీద జారడం నేర్చుకొచ్చాడు. దాన్ని స్కీయింగ్ అంటారు. "గుల్మార్గ్ పోదామమ్మా" అన్నాడు. గుల్మార్గే సుమారు 8,700 అడుగుల ఎత్తున ఉందిట. అక్కడినుంచి తీగమీద నడిచే గొండోలా రెండు మజిలీలలో అఫర్వత్ కొండమీదికి, దాదాపు 13,000 అడుగులకు చేరుస్తుందిట. 2020లో ఖేలో ఇండియా శీతకాలపు క్రీడలు జరిగిందీ అక్కడేనట. వాడు చేతులు ఊపుతూ చెబుతూ ఉంటే, "మీరు పైనుంచి జారుతూ ఉంటే నేను కింద కూర్చుని మీ చెప్పులు కాయాలా?" అంది కోడలు. "నాకు ఊపిరాడుతుందా నాయనా?" అన్నారు మా అత్తగారు. మా వారు పత్రిక అడ్డం పెట్టుకున్నారు.

మా మరిది మాత్రం, "మీరు పోయి రాండి. నేను ఇల్లు చూసుకుంటాలే" అన్నాడు.

ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను. నేను ఈ యింటికి వచ్చి 34 ఏళ్ళు. శ్రీశైలం పోయినా, ఎగువ అహోబిలం పోయినా, పక్కనే ఉన్న నెమలిగుండ్ల రంగస్వామి తిరునాళ్ళకు పోయినా ఇదే మాట. రెండేళ్ళ వయసులో పోలియో వచ్చి ఆయన ఎడమకాలు చచ్చుబడింది. తొడదాకా ఇనప పట్టీలు, చేతికింద కర్ర. మన దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరిలో బయటపడింది. 2014 మార్చిలో ఆ జబ్బు లేని ప్రాంతంగా ప్రకటించారు. ఆ చుక్కలేవో ఆయన పసితనంలో మా ఊరు చేరలేదు. గిద్దలూరులో గడియారాలూ, సెల్‌ఫోన్లూ బాగుచేసే కొట్టు పెట్టుకుని ఒకరి చెయ్యి చూడకుండా బతుకుతున్నాడు. అయినా ప్రయాణం అనేసరికి ఇంటికి కాపలా ఆయనే. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో అనలేదు. "బర్రెకు నీళ్ళెవరు పెడతారు?" అని ఆయనే సర్దిచెప్పేవాడు. ఆ బర్రె పోయి పదేళ్ళయింది. కాపలా మాత్రం పోలేదు.

అంచేత నేను లెక్క రెండో కొసనుంచి మొదలుపెట్టాను. ముందు మరిది ఎక్కడికి రాగలడో చూడడం, ఆ తరవాత అత్తగారు, ఆ తరవాత పిల్ల. మావాడి సంగతి ఆఖరున. వాడికేం, ఏ వాలయినా జారగలడు. వాడు రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగాడు, తిరగనిచ్చాను.

డాక్టరుగారు చెప్పిన మాట ఒకటి మాకు బాగా పనికివచ్చింది. సుమారు 8,000 అడుగులు దాటితే గాలి పలచబడి కొందరికి తలనొప్పి, వాంతులు పట్టుకుంటాయి. పగలు ఎంత ఎత్తు ఎక్కామన్నదానికన్నా రాత్రి ఎంత ఎత్తున పడుకున్నామన్నది ముఖ్యమట. ఆ లెక్కన చూస్తే హిమాచల్‌లోని మనాలి మాకు తగిన ఊరు. ఎత్తు 6,700 అడుగులు. స్కీయింగ్ జరిగే సోలాంగ్ లోయ అక్కడికి 13 కిలోమీటర్లు, ఎత్తు 8,400. పగలు పోయి, పొద్దువాలేసరికి దిగివచ్చి పడుకోవచ్చు. అడుగున కొత్తవాళ్ళు నేర్చుకోవడానికి మెత్తని వాలు ఉంది. పైకి పోవడానికి రోప్‌వే ఉంది. మావాడి సరదాకు ఆ పై వాలు చాలు. ఇంకా కావాలంటే 2020లో తెరిచిన తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం దాటి తండ్రీ కొడుకూ లాహుల్ చూసి వస్తారు, మంచు పడి దారి మూసెయ్యకపోతే. అక్కడ ఎత్తు 10,000 పైచిలుకు. అత్తగారిని అటు పోనివ్వను.

జారడం నేర్పే పాఠం ఇంట్లోనే మొదలయింది. బద్దల ముందు కొసలు దగ్గరికీ వెనక కొసలు ఎడంగానూ పెట్టి మడమలు బయటికి నెడితే వేగం తగ్గుతుందిట. దాని పేరు ఇంగ్లీషులో నాగలి అనే అర్థం వచ్చేదే. మావాడు వసారాలో వెదురుబద్దలతో చూపిస్తే, "నాగలయితే మాకు నేర్పనక్కర్లేదురా" అన్నారు మా వారు. కోడలికి మావాడే నేర్పుతానన్నాడు. వద్దన్నాను. మొగుడు పెళ్ళానికి నేర్పిన విద్య ఏదీ సాయంకాలందాకా సవ్యంగా సాగదు. తల్లీ పిల్లా కలిసి అక్కడి మాస్టరు దగ్గర పొద్దున రెండు గంటలు నేర్చుకుంటారు. ఆ రెండు గంటలూ మావాడు కొండమీద ఉంటాడు. మధ్యాహ్నంనుంచి అందరం ఒక్కచోట. ఇది ఖాయం.

ఒక రాత్రి మావాడు సెల్‌ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. కాళ్ళు లేనివాళ్ళు ఒక్క బద్దమీద బిగించిన కుర్చీలో కూర్చుని, చేతుల్లో చిన్న ఊతకర్రలతో కొండ దిగుతున్నారు. వికలాంగులకు శీతకాలపు పారాలింపిక్స్ 1976లోనే స్వీడన్‌లో మొదలయ్యాయట. మరిది ఆ బొమ్మ రెండుసార్లు చూశాడు. ఆహా అనలేదు, ఓహో అనలేదు. "కుర్చీ కింద స్ప్రింగు ఉందే, అది దేనికిరా?" అని మాత్రం అడిగాడు. సోలాంగ్‌లో అటువంటి కుర్చీ దొరుకుతుందన్న ఆశ మేం పెట్టుకోలేదు. స్లెడ్జి బండి ఉంది, కూర్చుని జారడానికి. రోప్‌వే ఉంది.

దారిలో కొట్లవాళ్ళు కోట్లూ రబ్బరు బూట్లూ అద్దెకిస్తారు. ఇనప పట్టీలు బిగించి ఉన్న జోడుమీద ఆ బూటు ఎక్కదు. పోలియో కాలికి బలం పోతుందిగాని స్పర్శ పోదు. పైగా కండ లేక తొందరగా చల్లబడిపోతుంది. కాబట్టి మా చెప్పులు కుట్టే ఆయన చేత జోడు మీదికి దళసరి తొడుగు కుట్టించాం. నేను ఉన్ని మేజోడు ఒకటి పొడుగ్గా అల్లాను. కర్ర కొసకు ఇనప మొల మరిదే అమర్చుకున్నాడు, మంచుగడ్డ మీద జారకుండా.

అసలు చిక్కు రైలు టికెట్టు దగ్గర వచ్చింది. తోడు లేనిదే ప్రయాణం చెయ్యలేని వికలాంగుడికీ, తోడుపోయేవారికీ స్లీపరులో 75 శాతం రాయితీ ఉంది. సర్టిఫికెట్టు మీద ఆ మాటే ఉంటుంది మరి. మరిది ఆ కాగితం చదివి బల్లమీద పెట్టేశాడు. "వదినా, రోజూ గిద్దలూరు ఎవరి తోడుతో పోతున్నా?" అన్నాడు. మా వారు డబ్బు లెక్క చెప్పబోతే నేను కళ్ళతోనే వద్దన్నాను. పూర్తి టికెట్టు ఆయన డబ్బుతోనే కొన్నాడు. మాకు కొంత కలిసిరాని మాట నిజమే. ఆ డబ్బు ఎక్కడో ఒకచోట తగ్గించుకుంటాం.

గిద్దలూరులో రైలెక్కి విజయవాడ, అక్కడినుంచి ఢిల్లీ, చండీగఢ్. ఆ పైన కారు. రాత్రంతా బస్సులో కూర్చుంటే మరిది కాలు బిగుసుకుపోతుంది గనుక నడుమ మండీలో ఒక రాత్రి ఆగుతాం. సంక్రాంతికి మంచు పడుతుందో పడదో నమ్మకం లేదు. ఫిబ్రవరి మొదటి వారం అనుకున్నాం. మనవరాలి బడికి సెలవు చీటీ వాళ్ళ నాన్న రాస్తాడు.

అత్తగారు కుక్కరు తేవలసిందే అన్నారు. మొదట విసుక్కున్నాను గాని, ఆవిడ మాట సబబే. ఆ ఎత్తున నీళ్ళు 93 డిగ్రీలకే మరుగుతాయి. మూత బిగించకపోతే కందిపప్పు ఎంతకీ ఉడకదు. పెరుగు తోడుకోదేమోనని ఆవిడ బెంగ వేరే ఉంది. దానికి నా దగ్గర ఉపాయం లేదు.

నిన్న మరిది కొట్టునుంచి వస్తూ ఒక తాళంకప్ప కొనుక్కొచ్చాడు. మా వీధితలుపుకు తాళం వెయ్యవలసిన అవసరం ఇన్నేళ్ళూ రాలేదు గనుక గొళ్ళెం తుప్పుపట్టిపోయింది. దాన్ని ఊడదీసి, గడపలో కూర్చుని, కొత్తది బిగిస్తున్నాడు.